నేను వదిలేసిన పేరా

పోయిన నెల బంగారుపేటలో కత్తిపీట సాన పట్టించుకుందామని ఒక షెడ్డు ముందు ఆగాను. పదును పోయింది కత్తిపీటకని నా వాదన, నా చేతికని మా అమ్మ వాదన. షెడ్డులో ముప్పై ఏళ్ళ మనిషి ఒక్కడే ఉన్నాడు. బెంచి మీద బిగించిన గ్రైండరు, దానికి రెండు చివర్లా రెండు రాళ్ళు, ఒకటి గరుకుది, ఒకటి నున్నది. అతను స్విచ్చి మీద చెయ్యి పెట్టగానే నా కాళ్ళు వాటంతటవే పక్కకు జరిగి, గోడ వారగా పోయి నిలబడ్డాయి.

"ఏమక్కా, భయమా?" అన్నాడు నవ్వుతూ.

"భయం కాదప్పా, అలవాటు. రాయి తిరగడం మొదలైన మొదటి నిమిషం దానికి ఎదురుగా నిలబడకూడదు. పగిలేదుంటే అప్పుడే పగుల్తాది."

అతను స్విచ్చి మీది చెయ్యి తీసేశాడు. "ఇది యాడ నేర్చినారు?"

"మా ఇంట్లోనే. చాంపియన్ రీఫ్స్‌లో."

"ఓ, మైన్స్ వాళ్ళా!"

"మైన్స్ మూసేసినాక వాళ్ళం," అన్నాను.

అతను మళ్ళీ నవ్వాడు, ఈసారి తను కూడా పక్కకు జరిగి స్విచ్చి వేశాడు. కత్తి అంచు రాయికి తగిలింది. ఇనుము అరుగుతున్నప్పుడు ఒక వాసన వస్తుంది. కాలిన వెంట్రుక వాసన కొంత, మాడిన పెనం మీద నీళ్ళు చల్లిన వాసన కొంత. చీరలకూ జడకూ పట్టుకుని, తలంటుకున్నా వదలని వాసన అది. నేను కోలారు దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో, యంత్రాల దగ్గర ఎలా మసలుకోవాలో పిల్లలకు చెప్పే పంతులమ్మను. నా దగ్గర లేని జాగ్రత్తను నలుగురికీ పంచిపెట్టే ఉద్యోగం. ఆ వాసన నాకు రోజూ తగిలేదే. అయినా ఆ పూట మార్కెట్టు గోలలో అది మా పాత ఇంటి ముందుగది వాసనే అయి, కత్తిపీట చేతికి వచ్చిన తర్వాత కూడా నేను అక్కడే నిలబడిపోయాను.

మా నాయనను లైన్లో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరసలో, అందరూ మిల్లు నారాయణప్ప అనేవారు. ఆయనది పిండిమిల్లు కాదు, రాయిని పిండి చేసే మిల్లు. గనిలోంచి పైకొచ్చిన రాతిని పొడి చేసి, ఆ పొడిలోంచి బంగారం తీసేచోటు. అక్కడ దుమ్ము అనే మాట నిషిద్ధం. నేలమీద పడిందీ, గోడకు అంటిందీ, చీపురుకు చిక్కుకుందీ అంతా బంగారం కిందే జమ. అరిగిపోయిన చీపుర్లను సైతం పారేయకుండా కాల్చి, ఆ బూడిదను కరిగించి చూసేవాళ్ళని నాయన చెప్పేవాడు. పని దిగేటప్పుడు బూటు అడుగులు బ్రష్షుతో దులిపి, ఆ దులిపింది అప్పజెప్పి బయటికి రావాలట. పాతికేళ్ళకు పైగా అలా బతికిన మనిషికి ఊడ్చినదాన్ని పారేయడం అంటే దొంగతనంకన్నా ఒక మెట్టు మాత్రమే తక్కువ. ఇంట్లో అమ్మ ఊడ్చిన చెత్తను కూడా బయటికి పోయేముందు ఒకసారి వంగి చూసేవాడు. "చూడు చూడు, నిన్నటి పప్పులో మెరుగు ఏమైనా ఉండాదేమో," అనేది అమ్మ. ఆమెది రాయల్పాడు, మామిడి తోటల వాళ్ళు. మట్టిలో టెంక నాటితే కాయ వస్తుందని తెలిసిన మనిషికి, మట్టిని ఉడకబెట్టి బతికేవాళ్ళంటే ఎప్పుడూ కొంచెం అనుమానమే.

గనులు మూసేశారు. ఆ సంగతి అందరికీ తెలిసిందే, నేను కొత్తగా తవ్వాల్సింది లేదు. నాకు బాగా గుర్తున్నది గని సైరను కూత ఆగిపోవడం. షిఫ్టు కూతను బట్టి నిద్రలేచి, కూతను బట్టి సంకటి కెలికి, కూతను బట్టి తలుపు వేసుకునే ఇల్లు మాది. కూత లేకపోయేసరికి ఎప్పుడు ఆకలెయ్యాలో తెలియక, ముగ్గురం మూడు వేళల్లో తిన్నాం కొన్నాళ్ళు. నాయన గుమ్మం మీద కూర్చుని, దూరంగా, బంగారం తీసేసిన రాతిపొడి పోసిన సయనైడ్ దిబ్బల మీంచి గాలికి లేచే తెల్లటి దుమ్మును చూసేవాడు. అది వచ్చి మా గిన్నెల మీదా, దేవుడి పటాల మీదా, ఆయన తలమీదా పడేది. తల నెరిసిందా, దిబ్బ ఎగిరిందా అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటిని తిప్పి తిప్పి చూసుకునేవాడు. ఏ రోగమూ లేని, ఏ పనీ లేని రెండు చేతులు. ఆ చేతులకు మళ్ళీ పని దొరకాలని అమ్మ మొక్కుకోని దేవుడు లేడు.

చివరికి ఆయనే లేచాడు. లైన్ ఇంటి ముందుగదిలో బెంచి వేసి గ్రైండరు బిగించాడు. పారలు, గడ్డపారలు, కొడవళ్ళు, కత్తులు, గేటు కమ్మీలు, ఏది తెచ్చినా సాన పట్టి ఇచ్చేవాడు. గదికీ వంటింటికీ మధ్య ఒక పాత చీర తెర. తెరకు అటు గ్యాసు పొయ్యి, ఇటు గ్రైండరు. నేను అప్పటికి బీఏ ప్యాసై ఖాళీగా ఉన్నాను. పేరు సరళ, దొరికిన ఉద్యోగం సున్నా. అందుకని నాయన పక్కన నిలబడి సరుకు అందించడం నా పనైంది.

ఆయన నేర్పిన పద్ధతులు ఇప్పుడు నేను నల్లబల్ల మీద రాసేవే, అయితే ఆయన వాటిని ఒకటి రెండు మాటల్లో ముగించేవాడు. "పాపా, జడ." అంటే జడను ముడిపెట్టి, చున్నీ తీసి మేకుకు తగిలించి, ఆ తర్వాతే యంత్రం దగ్గరకు రావాలి. "పాపా, అద్దాలు." కళ్ళద్దాలు లేకుండా గదిలో నిలబడితే ఆయన స్విచ్చే వేసేవాడు కాదు. చేతికి గ్లౌసు వేసుకుంటానంటే కసిరాడు. "చర్మం తెగితే మాన్తాది. గ్లౌసు చిక్కుకుంటే చెయ్యే లోపలికి పోతాది. ఊరికే సోకు చెయ్యొద్దు." వస్తువును ఆనించి పట్టుకునే ఇనుప పలకకూ రాయికీ మధ్య సందు రెండు రూపాయి బిళ్ళల మందానికి మించకూడదు. రాయి అరిగేకొద్దీ పలకను ముందుకు జరపాలి. లేదంటే వస్తువు ఆ సందులోకి జారి, వేలిని కూడా తోడు తీసుకుపోతుంది.

కొత్త రాయి బిగించే రోజు మా ఇంట్లో పెళ్ళిచూపుల వాతావరణం. పక్కింటి దొరై మామ తప్పకుండా వచ్చేవాడు. ఆయన లోపల, గనిలో డ్రిల్లు నడిపినవాడు. ఆ డ్రిల్లు ఆయన చెవులు రెంటినీ తినేసింది. లోపలికి దిగినవాళ్ళు పనిలో చేయి పెట్టేముందు నెత్తిమీది బండను గడ్డపారతో తట్టి వినేవాళ్ళట. ఖణీమంటే గట్టిది, డొల్లగా మోగితే ఊడిపడేది. గ్రైండరు రాయిదీ అదే లక్షణమని నాయనకు నేర్పింది ఆయనే. రాయి నడిమి కన్నంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు కర్రపిడితో తట్టాలి.

"మోగిందా?" అని దొరై మామ వీధంతా వినబడేలా అరిచేవాడు.

"మోగింది."

"ఏం?"

"మోగిందప్పా, మోగింది!"

"నీకేం తెలుసు, పాపను వినమను." ఒకరికి వినబడదు, వినబడే ఆయన మీద వినబడని ఆయనకు నమ్మకం లేదు. కాబట్టి తీర్పు నాదే. ఇంట్లో నా మాటకు విలువ ఉన్న ఏకైక సందర్భం అదే.

తర్వాత్తర్వాత జనం అల్యూమినియం సామాను తేవడం మొదలుపెట్టారు. కిటికీ చట్రాలు, స్కూటరు మూతలు, సొట్టపడ్డ కుక్కర్లు. నాయన వాటిని గ్రైండరు రాయి దగ్గరకు రానిచ్చేవాడు కాదు. "మెత్తని లోహం రాయి కండ్లు మూసేస్తాది. కండ్లు మూసుకునిన రాయి అరగదీయదు, వేడెక్కుతాది. వేడెక్కి పగుల్తాది," అనేవాడు. ఇత్తడికీ అంతే, రాగికీ అంతే. మా ఇంట్లో రాగి అంటే మూడుపూటలా ముద్ద చేసుకు తినేదే గనక, ఆ చిక్కు ఎక్కువ రాలేదు. అల్యూమినియం బేరాలు తిప్పి పంపలేక, బెంగళూరులో మూతపడిన ఒక చిన్న కార్ఖానా నుంచి బెల్టు సాండరు తెప్పించాడు. రెండు రోలర్ల మీద గరుకు కాగితం పట్టీ తిరుగుతూ ఉంటుంది. వస్తువును దానికి ఆనిస్తే నునుపు తేలుతుంది. ఇనుమైనా అల్యూమినియమైనా దానికి ఒకటే. ఇనుము పెడితే నిప్పురవ్వలు పూలలా రాలేవి. అల్యూమినియం పెడితే ఒక్క రవ్వ కూడా రాలదు, బూడిదరంగు పొడి మాత్రం మౌనంగా కిందికి దిగేది. "ఇది సాధువు," అనేవాడు నాయన దాన్ని చూసి.

ఆ సాధువు పొడే మా కొంప తీసింది. సాండరు కింద నాయన ఒక పెద్ద రేకు పెట్టె పెట్టాడు. దానికి మూత లేదు, ఒక్క నలుసు కూడా పక్కకు పోకూడదని. ఇనుప రజనూ, అల్యూమినియం పొడీ అన్నీ అందులోకే. సాయంత్రం దుకాణం కట్టేసి, కోడి ఈకతో బెంచి మూలలు, రోలరు సందులు, తన బూటు అడుగులు దులిపి పెట్టెలో వేసేవాడు. అలా దులిపేటప్పుడు ఆయన ముఖంలో మిల్లుకు పోయినన్నాళ్ళూ ఉండిన నెమ్మది కనిపించేది. అమ్మ ఊరుకునేదా? "బంగారం యాడనో పోయె, ఈయప్ప ఇనప రజను కాపాడతా ఉండాడు. ఏం చేస్తావయ్యా దీన్ని, పోపుకి వేస్తావా?"

"ఉండనీ. పారేసేదానికేముంది, ఒక్క నిమిషం పని. చేర్చేదానికి కదా ఏండ్లు పట్టేది."

"చేర్చి?"

"చేర్చి చూస్తా," అనేవాడు. ఆయనకూ తెలియదు ఎందుకో. పెట్టె నిండేకొద్దీ ఆయన నడకలో కొంచెం బలం కనిపించేది, అంతే.

సాండరుతో పాటు ఒక కాగితం వచ్చింది. నాలుగు మడతలు, రెండు వైపులా సన్నటి అచ్చు, అంతా ఇంగ్లీషు. నాయనకు కన్నడం కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆదివారం పొద్దున తలంటుకుని, రాగి అంబలి గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, "ఇంగ చదువు," అనేవాడు. నేను చదివి తెలుగులో చెప్పాలి. బీఏ చదివిన కూతురికి దొరికిన మొదటి కొలువు. నేను దాన్ని హాస్యం చేసి చెప్పేదాన్ని. 'పట్టీ తిరిగే దిక్కు బాణం చూసి బిగించుము, వెనక్కి బిగించిన పట్టీ ముందుకొచ్చి ముద్దుపెట్టును' అని. ఆయన నవ్వేవాడు, మళ్ళీ చెప్పమనేవాడు, మర్నాడు బాణం గుర్తు వెతికి సరిచూసేవాడు. ఆ కాగితంలోని ప్రతి మాటనూ అక్షరాలా పాటించాడు. అది నేను మరిచిపోలేని సంగతి. ఆయనకు చెప్పినవన్నీ చేశాడు.

మూడో ఆదివారం ఆ పేరా వచ్చింది. ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఇనుము అరగదీసిన పొడినీ అల్యూమినియం పొడినీ ఒకచోట చేర్చవద్దు. ఒక లోహం నుంచి రెండోదానికి మారేముందు యంత్రాన్ని పూర్తిగా తుడిచి, పట్టీ మార్చండి. పొడిని యంత్రం దగ్గర నిలవ ఉంచవద్దు, రోజూ తీసి పారవేయండి. కలిసిన పొడిమీద ఒక్క రవ్వ పడినా మండుతుంది. మండితే నీళ్ళు పోయవద్దు, పొడి ఇసుక కప్పండి.

నేను చదివాను, మనసులో. తలెత్తి చూశాను. నాయన అంబలి తాగుతూ, లోపల పెట్టె వైపు చూస్తున్నాడు. అంతకుముందు రోజే అది సగానికి పైగా నిండిందని దొరై మామకు చూపించాడు. 'రోజూ తీసి పారవేయండి' అన్న మాట నా నోటితో ఆ మనిషికి చెప్పాలి. మిల్లు పోయింది, కూత పోయింది, తోటివాళ్ళు పోయారు. ఆయనకు మిగిలిన ఒకే ఒక్క మిల్లు ఆ పెట్టె. ఇంకో మాట కూడా ఉంది, నిజం చెప్పాలంటే. ఆ పేరాలో హాస్యానికి వీలు లేదు. నవ్వించడానికి ఏమీ దొరకని చోట నాకు అప్పటికే విసుగు. 'ఇంత పొడి ఏం మండుతుందిలే, భయపెట్టడానికి రాస్తారు' అనుకున్నాను.

"ఏముండాది?" అన్నాడు.

"ఏం లేదు నాయనా, తుడిచి శుభ్రంగా పెట్టుకోమంటాడు."

"అది మనం చేస్తానే ఉండాం కదా," అన్నాడు తృప్తిగా. నేను తర్వాతి పేరాకు పోయాను.

పెట్టె అంటుకున్న రోజు మంగళవారం, పొద్దున పదకొండు గంటలప్పుడు. అమ్మ తెరకు అటువైపు పప్పు తిరగబోస్తోంది, ఇంగువ వాసన వస్తోంది. నాయన వారమంతా అల్యూమినియం చట్రాలు చేసి, ఆ పూట ఒక గేటు కమ్మీ పెట్టాడు సాండరు మీద. రవ్వలు రాలాయి. ఎప్పుడూ రాలేవే. పెట్టెలో ఒక మూల అగరొత్తి కొనలాగ ఒక ఎర్రటి చుక్క కనిపించింది. అది పాకింది. నాయన స్విచ్చి ఆపి వంగేసరికి ఎరుపు తెలుపైంది. అలాంటి తెలుపును నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు. ఆయన మొదట చూసింది తెర వైపు. "గ్యాసు ఆపవే!" అని అరిచి, పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తబోయాడు. గుమ్మం దగ్గర నేనున్నాను, నీళ్ళ బిందె పక్కన. ఇసుక కప్పాలని నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసిన ఒక్కదాన్నీ నేనే. చెయ్యి బిందె మీదికే పోయింది. ఎత్తి పోశాను.

మిగతాది చెప్పను. కళ్ళద్దాలు ఉన్నందున కళ్ళు దక్కాయి. పెట్టెను ఆయన వదల్లేదు, గుమ్మం దాటించి వీధిలో వేసిన తర్వాతే వదిలాడు. ఇల్లు దక్కింది, అమ్మ దక్కింది, నాకు మోచేతి మీద రూపాయంత మచ్చ పడింది. ఆయన చేతులు దక్కలేదు. ఎడమచేయి కొంత వరకు వచ్చింది. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, ఎవరికీ ఇవ్వకుండా ఏదో దాచుకున్న పిడికిలిలాగ అయిపోయాయి.

ఆసుపత్రిలో కట్లతో పడుకుని ఉన్న నాయన నాలుగో రోజు మాట్లాడాడు. "పాపా, ఆ కాగితంలో ఇది రాసి ఉండలేదు కదా?"

అమ్మ పక్కనే ఉంది. దొరై మామ మంచం కాళ్ళ దగ్గర ఉన్నాడు.

"లేదు నాయనా."

"నేనూ అదే అనుకుంటా ఉండా. రాసుంటే నువ్వు చెప్పవా?"

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళకు ఒక కవరు తెప్పించి నన్ను పిలిచాడు. కంపెనీకి ఉత్తరం రాయాలట. ఆయన చెబుతుంటే నేను రాశాను. 'అయ్యా, మీ యంత్రం మంచిదే, తప్పు నాది. నేను రెండు పొడులు ఒక పెట్టెలో వేస్తిని. నాకు తెలియలేదు. నాబోటివాళ్ళు చాలామంది ఉంటారు. మీరు కాగితంలో ఈ మాట కలపవలె. రెండు పొడులు కలపవద్దు. మండితే నీళ్ళు పోయవద్దు.' ఆ రెండు మాటలూ ఆయన కట్లలోంచి, కాలిన చేతుల్లోంచి, సొంతంగా కనిపెట్టుకున్నవి. నేను వాటిని పొందికైన ఇంగ్లీషులోకి మార్చాను, నా పుస్తకాల మధ్య దాచిన కాగితంలో అచ్చై ఉన్న ఇంగ్లీషు అది. ఉత్తరం పోస్టు చేయలేదు. ఏమని చేయను?

ఆయన రోజూ పోస్టుమాను కోసం చూశాడు. "రాలేదాప్పా?" అని అడిగేవాడు. పోస్టుమాను తల అడ్డంగా ఊపేవాడు. రెండు నెలలు చూడగలిగాను. తర్వాత రాబర్ట్‌సన్‌పేటలో ఒక టైపు సెంటరుకు పోయి, జవాబు నేనే టైపు చేయించాను. 'మీ విలువైన సూచనకు కృతజ్ఞతలు. ఇకపై ముద్రించే కాగితాల్లో మీరు చెప్పిన మాటలు చేరుస్తాము.' దాన్ని కవరులో పెట్టి తెచ్చి, గుమ్మంలో కూర్చుని చదివి వినిపించాను. మొదటిసారి ఉన్నదాన్ని వదిలేసి చదివాను, రెండోసారి లేనిదాన్ని కలిపి చదివాను. అనువాదకురాలిగా నా అనుభవం మొత్తం ఇంతే.

ఆ కాగితం ఆయన్ను లేపి నిలబెట్టింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, చాంపియన్ రీఫ్స్ నుంచి ఆండర్సన్‌పేట దాకా, అక్కడినుంచి బంగారుపేట దాకా, గ్రైండరు మోత వినబడిన ప్రతి షెడ్డులోకీ పోయేవాడు. "రెండు పొడులూ కలపొద్దప్పా. పట్టీ మార్చి, తుడిచి, అప్పుడు పెట్టుకోండి. ఒక బకెట్టు ఇసుక పక్కన ఉండనీ. ఇది నేను చెప్పిన మాట, కంపెనీ వాళ్ళు అచ్చేస్తా ఉండారు," అనేవాడు. వాళ్ళు ఆయన చేతిని చూసేవాళ్ళు, ఆ తర్వాత వినేవాళ్ళు. దొరై మామ వెంట తిరుగుతూ, "మా మిల్లు నారాయణప్ప ఇప్పుడు రైటరు అయిపోయినాడు! ఆమా, అవునప్పా!" అని కేకలేసేవాడు. పొడి మాత్రం ఎక్కడ చూసినా ఊడ్చి బయట పారేయించేవాడు నాయన. పారేస్తుంటే మొదట్లో ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

ఆయన పోయి ఐదేళ్ళు. ఇప్పుడు యంత్రంతో పాటు పుస్తకమే వస్తుంది, బొమ్మలతో, మన భాషలన్నిటిలోనూ. మధ్యన ఒక బీఏ చదివిన కూతురు అక్కర్లేదు. మా కేంద్రంలో పొడిని పీల్చే గొట్టాలున్నాయి, ఇనుముకు ఒకటి, అల్యూమినియానికి వేరొకటి. పిల్లలు ఫోనులో చూసి నేర్చుకుంటారు, పుస్తకం విప్పరు. అప్పుడు చదవాలని తహతహలాడిన మనిషికి భాష లేదు, ఇప్పుడు భాష ఉన్నవాళ్ళకు తహతహ లేదు అని నేను అన్నప్పుడల్లా, అది పూర్తి నిజం కాదని నాకే తెలుసు. అప్పుడు భాష తెలిసిన మనిషి ఒకతె ఉండేది.

ఈ కేంద్రంలో నేను చేరిన ఏడాది కొత్త బెల్టు సాండరు వచ్చింది. నాయన చూస్తానన్నాడు. ఒక శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్ళిపోయిన తర్వాత తీసుకుపోయాను. యంత్రం చుట్టూ తిరిగి, పలకకూ పట్టీకీ మధ్య సందు చూసి, బాణం గుర్తు చూసి, "పుస్తకం యాడ?" అన్నాడు. కన్నడం పేజీలు తీసి ఇచ్చాను. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని కూడబలుక్కుంటూ చదివాడు. చాలాసేపు పట్టింది. ఉన్నట్టుండి ఆగాడు. ముడుచుకుపోయిన చూపుడువేలి కణుపును పేజీ మీద ఆనించాడు.

"పాపా, ఇదిగో చూడు! అచ్చేసినారు. రెండు పొడులు కలపొద్దు అని. నీళ్ళు పోయొద్దు అని కూడా. అట్లే, నేను చెప్పినట్లే." తలెత్తాడు. ఆయన కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. "చేతులు పోతే పోయినాయి లే. ఎంతమందికి మిగిలినాయో కదా, నా ఒక్క మాటతో."

నేను అది భరించలేకపోయాను. ఆయన కోసం కాదు, నా కోసం. అన్నీ చెప్పేశాను. మూడో ఆదివారం, పేరా, పోస్టు చేయని ఉత్తరం, టైపు సెంటరు. చెబుతున్నంతసేపూ నా కళ్ళు ఆయన చేతుల మీదే ఉన్నాయి. ఆయన నన్ను తిట్టాలి, కొట్టాలి, కనీసం ఏడవాలి అనుకున్నాను. చేతుల గురించి ఒక్క మాట అడుగుతాడని చూశాను.

ఆయన వేలి కణుపు ఇంకా ఆ లైను మీదే ఉంది.

"అయితే ఇది ముందునుంచే రాసి ఉండిందా?"

"ఉండింది."

"వాళ్ళే రాసినారా?"

"ఆ."

"నా మాట కాదా పాపా ఇది?"

నీ మాటే నాయనా అని ఉండాల్సింది. అంతకుముందు అన్ని అబద్ధాలు సునాయాసంగా ఆడిన నోరు నాది. ఇంకొక్కటి, అన్నిటికంటే చిన్నది, ఆయనకు కావలసింది. సరిగ్గా అప్పుడే నాకు నిజం చెప్పాలనిపించింది.

"కాదు నాయనా," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఎవరిదో సొత్తు పొరపాటున తాకినట్టు పేజీ మీంచి వేలు తీసేశాడు. వేలు ఆనిన చోటును పంచె అంచుతో మెల్లగా, మరక ఉందేమోనని రెండుసార్లు తుడిచాడు. పుస్తకం మూసి, ఎడమచేత్తో నాకు అందించాడు.